నడుము నొప్పికి సూది వేసే ముందు ముంజేతికి ఒక ఎక్స్‌రే: వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

కనిగిరి ప్రాంతానికి చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కరించి రాయు లేఖ.

మా నాన్నగారిని వెనకనుంచి ఎవరైనా పిలిస్తే ఆయన మెడ తిప్పేవారు కాదు, మనిషంతా తిరిగి చూసేవారు. సంగతి తెలియని చుట్టాలు పెళ్లిళ్లలో దాన్ని పొగరనుకునేవారు. యాభై ఏళ్లు నిండేసరికి చెంబెత్తి నీళ్లు పోసుకుందామన్నా ఆయన తల వెనక్కి వాలేది కాదు. మా ఇంట్లో ఆ జబ్బుకు పెట్టుకున్న పేరు నడుము పట్టు, చెప్పుకున్న కారణం వయసు.

అది వయసు కాదని వైద్యశాస్త్రానికి మా నాన్నగారి చిన్నతనంలోనే తెలుసు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను, అంటే తాగే నీటిలోని ఫ్లోరైడు ఎముకల్లో పేరుకుని వచ్చే ఈ జబ్బును, మొదట గుర్తించి వైద్య పత్రికలో ప్రకటించింది 1937లో, అదీ నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, దర్శి, పొదిలి అప్పట్లో ఆ జిల్లాలోనివే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం 2008-09లో ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడతలో ఎంచుకున్న కొద్ది జిల్లాల్లో నెల్లూరు ఒకటి. ఇంత చరిత్ర ఉన్న నేల మీద నేటికీ నడుము నొప్పితో వచ్చినవాడిని ఏ ఊరి నీళ్లు తాగుతున్నావని అడిగే వైద్యులు తక్కువగా కనిపిస్తున్నారన్నదే ఈ లేఖ రాయడానికి కారణం.

మా అన్నయ్య విషయమే చెబుతాను. ఆయనకు నలభై రెండో ఏట నడుము పట్టేయడం మొదలైంది. ఊళ్లో ఆర్ఎంపీ సూదులు వేశాడు. పట్టణంలో ఒక ఆసుపత్రిలో డిస్కు జారిందన్నారు, బెల్టు ఇచ్చారు, నొప్పి బిళ్లలు రాశారు. మరో చోట ఖర్చుపెట్టి ఎంఆర్ఐ తీయించి, అరుగుదల అన్నారు. ఏడేళ్లు ఆ బిళ్లలతోనే పొలం పని చేశాడు. కాళ్లు రెండూ కర్రల్లా బిగుసుకుని అడుగు తడబడుతున్నప్పుడు, ఒక కుర్ర డాక్టరు నడుమును వదిలి ముంజేతికి ఎక్స్‌రే తీయించాడు. ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పలుచని పొర గట్టిపడి ఎముకలా తెల్లగా కనిపించింది. ఎముకల ఫ్లోరోసిస్‌ను పట్టించే గుర్తుల్లో అది ముఖ్యమైనదని అప్పుడు తెలిసింది.

నీటి ద్వారా ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరిన ఫ్లోరైడు ఎముకలో పేరుకుంటుంది. ఎముక చిక్కబడుతుంది కానీ పెళుసవుతుంది. వెన్నుపూసలను కట్టి ఉంచే నారలాంటి పట్టీలు కూడా ఎముకగా మారి, వెన్ను వెదురు గడలా ఒకే ముక్క అవుతుంది. వెన్నుపాము సాగే దారి ఇరుకైతే, ముఖ్యంగా మెడ దగ్గర, చేతులూ కాళ్లూ పట్టు తప్పుతాయి. ఇంతవరకూ వచ్చాక శస్త్రచికిత్స చేసి ఒత్తిడి తగ్గించవచ్చు గానీ, గట్టిపడిన ఎముకను తొలచడం వైద్యులకూ కష్టమే, పోయిన శక్తి పూర్తిగా తిరిగి వస్తుందన్న భరోసా లేదు. ఒంట్లోని ఫ్లోరైడును బయటికి పంపేవి ప్రధానంగా మూత్రపిండాలు. నొప్పి బిళ్లలు ఏళ్లకేళ్లు మింగితే దెబ్బతినేవీ అవే. అంటే వైద్యం పేరుతో మనం జబ్బుకు సాయం చేస్తున్నామన్న మాట. మా అన్నయ్య కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

నడుము నొప్పులన్నీ ఫ్లోరైడువేనని నేను అనడం లేదు. చీమకుర్తి రాళ్ల పనిలో బరువులెత్తేవారికీ, కందుకూరు వైపు పొగాకు బేరన్లలో పనిచేసేవారికీ వచ్చే నొప్పుల్లో చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, వాటికి ఎంఆర్ఐ కన్నా మెల్లగా నడవడం మేలు. జ్వరం, బరువు తగ్గడంతో కలిసి వచ్చే నొప్పి వెన్నెముక క్షయ కావచ్చు. మూత్రం బిగిసినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా, కాలు పడిపోయినా ఒక్క రోజు కూడా ఆగరాదు. ఏది ఏదో విడదీసి చూడటం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మొదలు కావాలి.

అందుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. మోకాళ్లు వంచకుండా నేల మీద రూపాయి బిళ్ల తీయగలడా, గడ్డం ఛాతీకి తగులుతుందా, రెండు చేతులూ చాచి మడిచి తల వెనుక చేర్చగలడా అన్న మూడు ప్రశ్నలను ఆశా కార్యకర్త కూడా అడగగలదు. ఇవి చేయలేనివారికి మండల కేంద్రంలోనే ముంజేతి ఎక్స్‌రే, మూత్రంలోనూ తాగే నీటిలోనూ ఫ్లోరైడు పరీక్ష అందేలా ఆదేశించండి. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు లేనప్పుడు మాత్రం 1.5 వరకు అనుమతించవచ్చని మన భారతీయ ప్రమాణమే చెబుతోంది. మరిగించినా పోని ఫ్లోరైడు గురించి కాచిన నీళ్లు తాగండని సలహా ఇచ్చేవారు ఇంకా ఉన్నారు. ఫిజియోథెరపిస్టును వారంలో కనీసం రెండు రోజులైనా మా ప్రాంతపు ఆసుపత్రులకు పంపండి, ఎందుకంటే వెన్ను బిగిసినవాడు ఎక్సర్‌సైజు నేర్చుకోవడానికి ఒంగోలు దాకా బస్సులో కూర్చుని వెళ్లి రావడమే అతనికొక శిక్ష.

కృష్ణా నీటిని మా ప్రాంతానికి తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు సంగతి మీ శాఖది కాదని తెలుసు, అందుకే ఇక్కడ వాదించను.

మొన్న మా అన్నయ్య మనవడిని, పద్దెనిమిదేళ్లవాడిని, రూపాయి బిళ్ల తీయమన్నాను, తీశాడు. వాడి పళ్ల మీద మాత్రం గోధుమ రంగు చారలున్నాయి, చిన్నతనంలో ఫ్లోరైడు ఎక్కువైతే పళ్ల మీద పడే గుర్తు అది. అటువంటి పళ్లున్న పిల్లలను బడిలో జరిగే ఆరోగ్య పరీక్షల్లోనే గుర్తించవచ్చు కనుక, వారి ఊళ్ల జాబితాతో ఈ పని మొదలుపెట్టించమని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
కనిగిరి ప్రాంతపు విశ్రాంత ఉపాధ్యాయుడు