రీలోడింగ్ కిట్ చేతిపుస్తకంలోని ప్రమాదకర లోపాలపై ఫిర్యాదు

ఉత్పత్తి భద్రతా విభాగం అధిపతి గారికి,

విషయం: మొదటిసారి రైఫిల్ తూటాలు రీలోడ్ చేసేవారి (అంటే పేలిన తూటా ఇత్తడి తొడుగైన కేస్‌లో, నిప్పు రాజేసే ప్రైమర్, పౌడర్, బుల్లెట్ కొత్తగా పెట్టి మళ్లీ తూటా చేసేవారి) కోసం మీరు అమ్ముతున్న కిట్, దానితో ఇచ్చే చేతిపుస్తకంలో వెంటనే సవరించవలసిన తప్పులు.

అయ్యా,

మీ కిట్‌లోని కేస్‌ను నొక్కే ప్రెస్, దానికి ఆకారమిచ్చే డైలు, అడుగును పట్టుకునే షెల్ హోల్డర్ల నాణ్యత మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. గట్టిగా ఉన్నాయి, కొలతలు సరిగ్గా ఉన్నాయి. ఫిర్యాదంతా వాటితో ఇచ్చే చేతిపుస్తకం మీదే. చట్టం అనుమతించిన చోట ఈ కిట్ కొనేవాళ్లలో చాలామంది అంతకు ముందు ప్రెస్ పిడి పట్టుకుని ఎరగరు. పుస్తకంలో అచ్చయినదే వాళ్లకు వేదం. అందులో ఏ పని తరవాత ఏ పని చేయాలో చెప్పారు గానీ, ఎక్కడ ఆగి చూసుకోవాలో ఒక్కచోటా చెప్పలేదు. కొన్నిచోట్ల చెప్పిందే తప్పు.

అన్నిటికన్నా పెద్ద తప్పు సైజింగ్ పేజీలో, అంటే పేలి ఉబ్బిన కేస్‌ను డైలో నొక్కి కొలతకు తెచ్చే చోట ఉంది. డైని షెల్ హోల్డర్‌కు తగిలేదాకా దించి, ఆపైన ఇంకో పావు చుట్టు తిప్పి బిగించమన్నారు, అది అన్ని రైఫిళ్లకూ సరిపోతుందన్నారు. రైఫిల్‌లో తూటా కూర్చునే ఛాంబర్లన్నీ ఒకే పొడవులో ఉండవు. కాస్త పొడుగు ఛాంబరున్న రైఫిల్ విషయంలో ఆ పావు చుట్టు కేస్ భుజాన్ని (మెడ కింద ఏటవాలుగా ఉండే భాగాన్ని) అవసరానికి మించి కిందికి నెట్టేస్తుంది. అలాంటి కేస్‌ను పేల్చినప్పుడు దాని పైభాగం ఛాంబర్ గోడలను కరిచిపట్టుకుంటుంది, అడుగు మాత్రం వెనక్కి జరిగి, ఛాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్‌కు ఆనుతుంది. మధ్యలో ఉన్న ఇత్తడి సాగి పలచబడుతుంది. కొన్నిసార్లు రీలోడ్ చేసేసరికి సరిగ్గా అక్కడే తెగుతుంది. .308 విన్‌చెస్టర్ తూటాకు, అమెరికా తుపాకీ, తూటా తయారీదారుల సంస్థ సామీ ప్రమాణం ప్రకారం గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అంత పీడనంలో ఉన్న గ్యాస్ తెగిన చోటు నుంచి వెనక్కి తన్నితే ఎదురుగా ఉండేది షూటర్ ముఖం.

అక్కడ రాయవలసింది ఇది. అదే రైఫిల్‌లో పేలిన కేస్‌ను, భుజం మీద ఆనే కంపారేటర్ తగిలించిన కాలిపర్‌తో అడుగు నుంచి భుజం దాకా కొలవాలి. తరవాత డైని కొద్దికొద్దిగా దించుతూ, బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కైతే భుజం సుమారు 0.002 అంగుళం, సెమీ ఆటోమేటిక్‌కైతే 0.003 నుంచి 0.005 అంగుళం తగ్గేసరికి ఆపి లాక్ రింగు బిగించాలి. సాగిన కేస్‌ను పట్టుకునే పద్ధతి కూడా నేర్పాలి. అడుగుకు కాస్త పైన, ఇత్తడి చుట్టూ మెరిసే సన్నటి గీత కనిపిస్తే అనుమానించాలి. పేపర్ క్లిప్‌ను సాపు చేసి, కొనను చిన్న కొక్కెంలా వంచి, కేస్ లోపలి గోడకు ఆనించి అడుగు నుంచి పైకి లాగాలి. కొన ఏదైనా గాడిలో పడి తట్టుకుంటే ఆ కేస్ పని అయిపోయినట్టే. శ్రావణంతో మూతి నొక్కేసి తుక్కులో వేయాలి, మళ్లీ పొరపాటున కూడా గుట్టలో కలవకూడదు.

పొడవు కత్తిరించడం గురించి పుస్తకంలో ఒక్క వాక్యమూ లేదు. సైజింగ్ చేసినప్పుడు కేస్ సాగుతుంది కాబట్టి పొడవును సైజింగ్ తరవాతే కొలవాలి. .308కు గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, కత్తిరించవలసింది 2.005కు. .223 రెమింగ్టన్‌కైతే 1.760, 1.750. ఇంతకు మించిన కేస్ మూతి ఛాంబర్ చివరి అంచుకు గుద్దుకుని బుల్లెట్ చుట్టూ బిగుసుకుంటుంది. బుల్లెట్ వదలదు, పీడనం ఎగబాకుతుంది. పౌడర్ తూకం సరిగ్గా ఉన్నా ఇది జరుగుతుంది, అందుకే కొత్తవాళ్లకు కారణం అంతుపట్టదు.

ఇక పౌడర్ పట్టిక. బుల్లెట్ బరువుకు ఎదురుగా ఒకే ఒక్క తూకం వేశారు. అది మొదలుపెట్టాల్సిన తూకమా, గరిష్ఠమా చెప్పలేదు. బుల్లెట్ రకం లేదు. ఒకే బరువైనా పూర్తి రాగి బుల్లెట్ సీసం నింపిన దానికంటే పొడుగ్గా ఉంటుంది, కేస్ లోపల ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పీడనం మారిపోతుంది. పౌడర్ పేరుకు బదులు ఒక వరుసలో ఉత్త "4350" అని వేశారు. ఆ అంకెతో హాడ్జ్‌డన్, ఐఎంఆర్, ఆక్యురేట్ పేర్లతో వేర్వేరు పౌడర్లు దొరుకుతాయి. ఒకదాని తూకం మరొకదానికి వాడకూడదు. ఇలాంటి పట్టిక ఉండడం కంటే లేకపోవడమే మేలు. దాన్ని తీసేసి, పౌడర్ తయారీదారు తాజాగా ప్రకటించిన పట్టికనే చూడమని రాయండి. ఆ పట్టికలో ఇచ్చిన ప్రారంభ తూకంతోనే మొదలుపెట్టాలని, గరిష్ఠం మాత్రమే ఇచ్చి ఉంటే దానికి 10 శాతం తక్కువతో మొదలుపెట్టాలని చెప్పండి. తగ్గిస్తే ఎప్పుడూ క్షేమమే అనే అపోహ కూడా తొలగించండి. నెమ్మదిగా మండే పౌడర్లను ప్రకటించిన కనిష్ఠానికి తక్కువగా వాడడం కూడా ప్రమాదమే.

అదే పట్టికలో .30-30 వరుసలో మొనదేలిన బుల్లెట్ పెట్టడం చూసి మాకు గుండె ఝల్లుమంది. ఆ తూటా వాడే లీవర్ యాక్షన్ రైఫిళ్లలో ఎక్కువవాటికి గొట్టపు మ్యాగజీన్ ఉంటుంది. అందులో ఒక తూటా మొన ముందున్న తూటా ప్రైమర్ మీద ఆనుతుంది. రీకాయిల్ (పేల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నడం) కుదుపుకు మ్యాగజీన్‌లోనే పేలవచ్చు. అక్కడ చదును మొన బుల్లెట్లు, లేదా గొట్టపు మ్యాగజీన్ కోసమే చేసిన మెత్తటి మొన రకం తప్ప వేరేవి పనికిరావు.

కిట్‌లోని డిజిటల్ త్రాసుకు పరీక్ష తూకపురాళ్లు ఇవ్వలేదు. గ్రామూ, పౌడర్ తూచే గ్రెయినూ తికమకపడతారని పుస్తకం హెచ్చరించింది, మంచిదే. 1 గ్రాము అంటే 15.43 గ్రెయిన్లు, అంత తేడా వస్తే రైఫిల్ కేస్ పొంగిపోయి ఎలాగూ తెలిసిపోతుంది. భయపడవలసింది కంటికి కనపడని తేడా గురించి. ఫ్యాను గాలికి, దగ్గర్లో పెట్టిన మొబైల్‌కు, సరిగ్గా వేడెక్కని త్రాసుకు సున్నా మెల్లగా జరిగిపోతుంది. దీనికి సులువైన తనిఖీ ఉంది. ఖాళీ పళ్లెం పెట్టి సున్నా చేశాక పళ్లెం ఎత్తేస్తే తెర మీద మైనస్‌లో ఒక అంకె వస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోవాలి. పని మధ్యలో పళ్లెం ఎత్తిన ప్రతిసారీ అదే అంకె రావాలి. మారితే పని ఆపి, తూకపురాయితో సరిచూసి, చివరిసారి అంకె సరిపోయిన తరవాత నింపిన కేసులన్నీ తిరిగి తూయాలి.

బొమ్మల సంగతి. ఒక ఫొటోలో బల్ల మీద రెండు పౌడర్ డబ్బాలు పక్కపక్కనే ఉన్నాయి. బల్ల మీద ఎప్పుడూ ఒకటే ఉండాలి, పని అయ్యాక, పౌడర్ పోసే హాపర్‌లో మిగిలింది ఆ డబ్బాలోకే పోయాలి. పిస్టల్ పౌడర్ రైఫిల్ కేసులోకి వెళ్లిందంటే రైఫిల్ పగిలిపోవచ్చు. ఇంకో ఫొటోలో ప్రైమర్లను గాజుసీసాలో పోసి పెట్టారు. ఒకటి పేలితే సీసాలోవన్నీ ఒకేసారి పేలుతాయి. కంపెనీ పెట్టెలో వాటిని విడివిడిగా అమర్చేది అందుకే.

ప్రైమర్ దిగకపోతే గట్టిగా నొక్కమన్న సలహా కూడా తీసేయండి. దిగకపోవడానికి మామూలు కారణం సైనిక కేసుల ప్రైమర్ గుంట అంచును బిగించి ఉండడం. ముందు ఆ అంచును స్వేజ్ చేయాలి (నొక్కి వెడల్పు చేయాలి) లేదా తొలచాలి. కూర్చున్న ప్రైమర్ మీద వేలు రాస్తే అడుగు కంటే కాస్త లోపలికే తగలాలి. పైకి పొడుచుకువచ్చి ఉంటే, ఫైరింగ్ పిన్ వదులుగా కదిలే సెమీ ఆటోమేటిక్‌లో బోల్ట్ పూర్తిగా మూతపడకముందే పేలే ప్రమాదం ఉంది.

నింపిన కేసులను లోడింగ్ బ్లాకులో నిలబెట్టి, బుల్లెట్ పెట్టేముందు టార్చిలైటుతో వరుసగా లోపలికి చూడాలనే ఒక్క మాట రాసి ఉంటే ఖాళీ కేసులు, రెండుసార్లు నింపినవి అక్కడే దొరికిపోయేవి. మీ కిట్‌లో బ్లాకే లేదు. శబ్దం మందంగా వచ్చినా, రీకాయిల్ తగ్గినట్టు అనిపించినా రెండో తూటా పేల్చకూడదని, రైఫిల్ ఖాళీ చేసి బ్యారెల్‌లో బుల్లెట్ ఇరుక్కుందేమో కడ్డీతో చూడాలని కూడా ఎక్కడా లేదు. కళ్లద్దాలు, సీసపు ధూళి, పని అయ్యాక చేతులు కడుక్కోవడం వెనక అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉన్నాయి. వాటిని మొదటి పేజీకి తెండి.

మేము కోరేవి ఇవి. ఇప్పుడున్న పుస్తకంతో కిట్ అమ్మకం ఆపాలి. ఇప్పటికే కొన్నవారికి, ముఖ్యంగా సైజింగ్, పట్టిక, ప్రైమర్ల పేజీలకు సంబంధించి, సవరణ పత్రం పంపాలి. కొత్త కిట్లలో తూకపురాళ్లు, కేస్ కొలత సరిచూసే కేస్ గేజ్, లోడింగ్ బ్లాకు చేర్చాలి. సవరించిన ప్రతిని అచ్చుకు ముందు పరిశీలించి ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాం. తప్పులున్న పేజీల ఫొటోలు, గుర్తులు పెట్టి, ఈ లేఖకు జత చేస్తున్నాం. ఏ తేదీలోగా ఏమి చేస్తారో 30 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
కొత్తవారికి రీలోడింగ్ నేర్పే శిక్షకుల బృందం