తేదీ పక్కన ఏ లెక్కో కూడా వేయండి

సంపాదకుల వారికి,

‘చరిత్రలో ఈ రోజు’ లాంటి శీర్షిక ఇప్పుడు చాలా పత్రికల్లో వస్తోంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వాటిని కత్తిరించి దాచుకుంటారు, యూట్యూబ్‌లో పాఠాలు చెప్పేవాళ్లు వాటినే చదివి వినిపిస్తారు. రష్యా విప్లవం ఒక చోట అక్టోబరు 25న, ఇంకో చోట నవంబరు 7న కనిపిస్తుంది. రెండూ ఒప్పే. 1917లో రష్యా ఇంకా పాత జూలియన్ క్యాలెండరు లెక్కలో ఉంది. మరుసటి ఏడాది జనవరి 31 తర్వాత ఏకంగా ఫిబ్రవరి 14కు దూకింది. ఏ లెక్కో చెప్పకుండా వేయడంతోనే తంటా.

ఇదేదో దూరదేశపు గొడవ అనుకోనక్కర్లేదు. చంద్రగిరి రాయల ఏలుబడిలో ఉన్న తీరం మీద దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లిషు కంపెనీకి చోటిచ్చిన 1639 ఆగస్టు 22ను మద్రాసు పుట్టినరోజుగా జరుపుతున్నారు. అది ఇంగ్లిషువాళ్ల పాత లెక్క. ఇప్పటి క్యాలెండరు ప్రకారం సెప్టెంబరు 1. అప్పటికే శాంథోంలోని పోర్చుగీసువాళ్లు, పులికాట్‌లోని డచ్చివాళ్లు కొత్త గ్రెగోరియన్ లెక్కకు మారిపోయారు. మద్రాసులోని ఇంగ్లిషువాళ్ల కోట నుంచి శాంథోంకు నడిచి పోవచ్చు, తేదీల్లో మాత్రం పది రోజుల తేడా. రెండు వైపుల ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకున్నవాడు ఈ పది రోజులు సర్దకపోతే, ప్రశ్న కన్నా ముందే జవాబు వచ్చినట్టు కనిపిస్తుంది. పైగా 1751 దాకా ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కంపెనీ అధికారులు కోగన్, డే మద్రాసులో దిగిన ఫిబ్రవరి 20 వాళ్ల కాగితాల్లో 1639, మనకు 1640.

మన శాసనాల దగ్గరికొస్తే, శక సంవత్సరానికి 78 కలిపితే సరి అని గైడ్లలో రాస్తారు. ఉగాది నుంచి డిసెంబరు ఆఖరు దాకా అది సరే. జనవరి నుంచి మళ్లీ ఉగాది దాకా 79 కలపాలి. శ్రీకృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమల వచ్చింది శక 1434, ఆంగీరస నామ సంవత్సరంలో. 78 కలిపితే 1512 వస్తుంది, అసలు తేదీ 1513 ఫిబ్రవరి. ఆ నెలలోనే పోర్చుగీసు గవర్నరు అల్బుకెర్క్ గోవా నుంచి ఓడలతో ఏడెన్ మీదికి బయలుదేరాడు. రాయల సైన్యానికి గుర్రాలు వచ్చేది ఆ అరేబియా సముద్రం మీదుగానే. సంవత్సరం తప్పితే ఈ రెండు సంగతులూ ఒక పేజీలోకి రావు.

శాసనంలో తిథి, వారం ఉంటే పని సులువు. పాత తిథులకు ఇంగ్లిషు తేదీలు చూపే స్వామికన్ను పిళ్లై పట్టికల్లో ఆ తిథి ఏ తేదీన పడిందో తీసి, వారం కలుస్తుందో లేదో చూడాలి. కలిస్తే తేదీ దాదాపు ఖాయం. కలవకపోతే ముందు శక సంవత్సరం గతమా (పూర్తయిన ఏళ్ల లెక్క), వర్తమానమా (నడుస్తున్న ఏడాది లెక్క) అని చూడాలి, దానితోనే ఏడాది అటూ ఇటూ అవుతుంది. తర్వాత అధికమాసం చూడాలి. అప్పటికీ కుదరకపోతే రాతి మీది అంకె చదవడంలోనే పొరపాటు ఉండొచ్చు. సంవత్సరం పేరొక్కటే నమ్ముకుంటే లాభం లేదు, అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది.

వరహాలను ఇప్పటి రూపాయల్లోకి మార్చి ‘కోట్లు’ అని రాయడం ఇంకో జబ్బు. 1818లో కంపెనీ 100 వరహాలకు 350 రూపాయలు కట్టింది. అది ఆనాటి మారకం, అంతే. 1513 నాటి వరహాను ఆ కాలపు వడ్ల ధరతో పోల్చగలిగితే పోల్చాలి, లేదంటే వరహా అనే వదిలేయాలి.

ఇక చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట. ఇంగ్లిషువాళ్లతో యుద్ధంలో ఉన్న మైసూరు పాలకుడు హైదర్ అలీ 1782 డిసెంబరులో అక్కడి శిబిరంలోనే చనిపోయాడు. కొన్ని పుస్తకాల్లో 6వ తేదీ, కొన్నిట్లో 7. పర్షియన్ రాతల్లో హిజ్రీ 1197 ముహర్రం 1 నుంచి 4 దాకా రకరకాలుగా ఉంది. నెలవంక కనిపించిన రోజును బట్టి నెల మొదలవుతుంది, సూర్యాస్తమయంతో రోజు మారుతుంది. ఈ తేడాలు అలా వచ్చినవి కావచ్చు. పైగా కొడుకు టిప్పు మలబారు నుంచి వచ్చేదాకా చావు సంగతి గుట్టుగా ఉంచారు కనక, అవతలి పక్షమైన ఇంగ్లిషువాళ్ల కాగితాల్లో కనిపించే తేదీ వాళ్ల చెవిన పడిన రోజు కావచ్చు.

హైదర్ చావుకు దాదాపు వారం ముందు, నవంబరు 30న, పారిస్‌లో అమెరికా, బ్రిటన్ ప్రతినిధులు అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని ముగించే ప్రాథమిక ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఇవి రెండు వేర్వేరు కథలు కావు. 1778లో ఫ్రాన్స్ అమెరికా పక్షాన చేరింది. ఇంగ్లిషువాళ్లు ఆ ఏడే ఫ్రెంచివాళ్ల పాండిచ్చేరిని, 1779 మార్చిలో వాళ్ల మాహెను పట్టుకున్నారు. మాహె హైదర్‌కు యుద్ధసామగ్రి దిగే రేవు. అది పోయాక, 1780 జూలైలో అతను కనుమలు దిగి ఆర్కాటు సీమ మీద పడ్డాడు. మన సిలబస్‌లో అమెరికా స్వాతంత్ర్యం ఒక చోట, మైసూరు యుద్ధాలు ఇంకో చోట. ఈ ముడి విద్యార్థి కంట పడేదెక్కడ?

వార్త ప్రయాణం సంగతీ ఉంది. బ్రిటన్, ఫ్రాన్స్‌ల మధ్య 1783 జనవరి 20నే ప్రాథమిక ఒప్పందం కుదిరినా, జూన్‌లో కడలూరు దగ్గర రెండు సైన్యాలూ కొట్టుకుంటూనే ఉన్నాయి. వార్త అందేసరికి జూన్ నెలాఖరు. ఇది తెలియనివాడు ‘ఒప్పందాన్ని ఉల్లంఘించి యుద్ధం చేశారు’ అని రాసేస్తాడు.

కాబట్టి పత్రికలకు మా విన్నపం చిన్నదే. ఇంగ్లండుకు సంబంధించి 1752 సెప్టెంబరుకు ముందు, రష్యాకు సంబంధించి 1918 ఫిబ్రవరికి ముందు తేదీలు వేసేటప్పుడు పాత లెక్కో కొత్త లెక్కో ఒక్క మాట చేర్చండి. తేడా 1700 ఫిబ్రవరి దాకా 10 రోజులు, అక్కడి నుంచి 1800 ఫిబ్రవరి దాకా 11, 1900 ఫిబ్రవరి దాకా 12, 1900 మార్చి నుంచి 13.

తిరుపతి, చిత్తూరు కళాశాలల్లో ప్రాజెక్టులు చేయించే అధ్యాపకులు కాలపట్టికకు ఐదు గడులు గీయించాలి: మూలంలో ఉన్న తేదీ, దాని లెక్క, మార్చిన తేదీ, వార్త అందిన తేదీ, రాసింది ఏ పక్షం. మొదటి గడిని ఎప్పుడూ దిద్దకూడదు. మార్పిడిలో తప్పు దొర్లితే మళ్లీ లెక్కించుకోవడానికి అదొక్కటే ఆధారం. కంపెనీ కాగితాలకు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది, తిరుపతి నుంచి మూడు నాలుగు గంటల దారి. స్వామికన్ను పిళ్లై సంపుటాల స్కాన్ ప్రతులు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. కావలసిన శతాబ్దం వరకు ప్రింటు తీయించి బైండు చేయించుకుంటే చాలు. అవి క్రీ.శ. 700 నుంచి 1799 దాకానే. ఆ తర్వాతి తేదీలకు వేరే పంచాంగాలు చూసుకోవాలి.

— చరిత్ర అధ్యాపకులు కొందరు, తిరుపతి