సుధా, గుండెమంట సంగతి డాక్టరుకు చెప్పావా?

చిరంజీవి సుధకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్న మోకాలు ఎప్పటిలాగే ఉంది, కుట్టుమిషను బెల్టు మళ్ళీ తెగింది, పెద్దత్త మళ్ళీ అలిగింది. ఇవన్నీ ఫోనులో చెప్పేదాన్నే, నువ్వు ఎత్తితే. ఇరవై మూడు రోజులైంది. నేనేమీ లెక్కపెట్టలేదు. క్యాలెండరు మిషను ఎదురుగానే ఉంది కాబట్టి కనిపిస్తోంది, అంతే.

శ్రీను నోరు జారాడు. వాణ్ణి ఏమీ అనకు. "అక్క స్లీవ్ చేయించుకుంటోంది" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు చొక్కాలు కుట్టినదాన్ని, నాకేం తెలుసు? "పొట్టి చేతులా, పొడుగు చేతులా?" అని అడిగాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇది గుడ్డ సంగతి కాదని, బరువు తగ్గడానికి పొట్టకు చేయించుకునే ఆపరేషన్ అని అప్పుడు అర్థమైంది.

నాకు కోపం లేదు. పెద్దదానివి, సంపాదించుకుంటున్నావు, నీ ఒళ్ళు నీ ఇష్టం. ఒక్కటి మాత్రం చెప్పు. రాత్రిళ్ళు నీకు గుండెమంట వస్తుంది కదా, ఆ సంగతి డాక్టరుకు చెప్పావా? పోయినసారి వచ్చినప్పుడు మూడు దిండ్లు ఆనించుకుని దాదాపు కూర్చునే నిద్రపోయావు. అడిగితే "అలవాటైపోయిందమ్మా" అన్నావు. అలవాటైనంత మాత్రాన జబ్బు కాకుండా పోతుందా?

సరే, అది తర్వాత మాట్లాడుకుందాం. దివ్య వదిన మొన్న వచ్చి రెండు రోజులు ఉంది. ఆపరేషన్ థియేటర్లో పనిచేసే పిల్ల కదా, కదలనివ్వకుండా కూర్చోబెట్టి అంతా చెప్పించుకున్నాను. కొలతల పుస్తకం వెనక పేజీల్లో బొమ్మలు కూడా వేయించాను. నీ పేరు చెప్పలేదు. చెప్పకపోయినా దానికి తెలిసిపోయిందనుకో.

స్లీవ్ అంటే పొట్టను పొడుగునా పిన్నులు కొట్టుకుంటూ కత్తిరించి, నాలుగింట మూడొంతులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తీసి అవతల పడేస్తారట. మిగిలేది చొక్కా చేయిలాంటి సన్నటి గొట్టం. పేగుల జోలికి పోరు. బరువు తగ్గడానికే చేసే ఇంకో ఆపరేషన్ బైపాస్, గుండెకు చేసేది కాదు, పొట్టకు చేసేది. అది ఇలా కాదు. పొట్ట పైన 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని విడదీసి, చిన్నపేగును కోసి పైకి తెచ్చి దానికి అతుకుతారు. తిన్నది అసలు పొట్టనూ, పేగు మొదటి భాగాన్నీ తప్పించుకుని కిందికి పోతుంది. పాత పొట్టను తీయరు, అది లోపలే ఉండి దాని రసాలు అది ఊరిస్తూ ఉంటుంది. ఆ రసాలు వచ్చి కలిసే చోట ఇంకో అతుకు.

దర్జీపని తెలిసినదాన్ని కాబట్టి నాకు స్లీవే నచ్చింది మొదట. ఒక్క కత్తిరింపు, అతుకులు లేవు, తొందరగా అయిపోతుంది. నువ్వు కూడా అందుకే ఒప్పుకుని ఉంటావు. కానీ గుడ్డ కత్తిరించే ముందు రెండుసార్లు కొలవమని నీకు ఎన్నిసార్లు చెప్పాను? బైపాస్‌ను కష్టమైనా విప్పే వీలు కొంత ఉందట. స్లీవ్‌లో తీసేసిన ముక్క తీసేసినట్టే.

అసలు సంగతి ఇక్కడే ఉంది. పొట్ట సన్నటి గొట్టమయ్యేసరికి లోపల ఒత్తిడి పెరిగి యాసిడ్ పైకి తంతుందట. అందుకే స్లీవ్ తర్వాత కొందరికి గుండెమంట కొత్తగా మొదలవుతుంది, ముందే ఉన్నవాళ్ళకు ముదరవచ్చు. బైపాస్ అయినవాళ్ళకు చాలామటుకు తగ్గుతుంది. ఫిన్‌లాండ్‌లో 240 మందికి, సగం మందికి ఇదీ సగం మందికి అదీ చేసి, పదేళ్ళ తర్వాత కెమెరా వేసి చూస్తే, అన్నవాహిక ఒరుసుకుపోయినవాళ్ళు స్లీవ్‌లో 31 శాతం, బైపాస్‌లో 7 శాతం. బరువులో అంత తేడా లేదు. ఉండాల్సినదానికంటే ఎక్కువున్న బరువులో స్లీవ్ వాళ్ళు 43.5 శాతం, బైపాస్ వాళ్ళు 50.7 శాతం తగ్గించుకున్నారు. ఇది 2022లో వచ్చిన లెక్క. దివ్య ఫోనులో చూపిస్తే అంకెలు నేనే రాసుకున్నాను.

అందుకని బైపాసే చేయించుకోమని రాద్దామని కాగితం తీశాను. రెండు ముక్కలు రాశానో లేదో రాజు బాబాయి గుర్తొచ్చాడు.

నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు, నీకు సగమే తెలుసు. బైపాస్ అయిన రెండు నెలలకే ఆయనకు ఇన్సులిన్ ఆపేశారు. షుగరు బాగా ఉన్నవాళ్ళకు ఆ ఆపరేషనే కాస్త మేలంటారు. ఏడాదిలో ఒకే చొక్కాను మూడుసార్లు నా దగ్గరికి తెచ్చాడు, లోపలికి పట్టమని. ఊరికే కాదు, అద్దం ముందు నిలబడి పక్కకు తిరిగి చూసుకోవడానికి. ఆ తర్వాత మీ నాన్న వైపు మోకాళ్ళు తెలుసు కదా, నొప్పి మొదలైంది. నొప్పి బిళ్ళలు వేసుకోవద్దని డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చారు. ఆయన దాన్ని మడిచి బీరువాలో పెట్టి, మందుల షాపుకు పోయి తనే కొనుక్కున్నాడు. ఆరు నెలలు మింగాడు. ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

ఒకరోజు తెల్లవారుజామున బాత్రూంలో పడిపోయాడు. మూడు రోజులుగా విరోచనం నల్లగా వస్తోందట, అదీ చెప్పలేదు. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగిందే "నొప్పి బిళ్ళలు ఏమైనా వాడుతున్నారా?" అని. "లేదండీ" అన్నాడు. మళ్ళీ అడిగాడు. "ఒట్టు" అన్నాడు. కాగితాల మీద సంతకం పెట్టమంటే అక్షరాలు కనపడటం లేదన్నాడు. లక్ష్మి పిన్ని కళ్ళజోడు ఇద్దామని పెట్టె తెరిచింది. కళ్ళజోడుతో పాటు బిళ్ళల అట్ట కింద పడింది, ఇంకా రెండు మిగిలి ఉన్నాయి. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. డాక్టరే వంగి తీసి పేరు చదువుకున్నాడు. పేగు అతికిన చోట పుండు పడి రక్తం కారుతోంది. కెమెరాతో వెళ్ళి ఆపారు, రెండు సంచుల రక్తం ఎక్కించారు. పిన్ని నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ కళ్ళజోడు పెట్టె ఆవిడ దగ్గరే ఉంటుంది, చదువుకోవాలంటే అడిగి తీసుకోవాలి.

ఇదంతా ఎందుకంటే, నీ హ్యాండ్‌బ్యాగు పక్క జిప్పులో ఉండే తలనొప్పి బిళ్ళలు నాకు తెలుసు. నెలకు ఎన్ని వేసుకుంటావు? ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి బైపాస్ అతుక్కి పడవు. స్లీవ్ తర్వాత కూడా జాగ్రత్త అనే అంటారు గానీ, బైపాస్‌లో మరీ ప్రమాదం. అంటే నీ గుండెమంట ఒకవైపు లాగుతుంది, నీ తలనొప్పి ఇంకోవైపు లాగుతుంది. ఏది ఎక్కువో తేల్చేది డాక్టరు, నేను కాదు, శ్రీను కాదు, నువ్వూ కాదు. కానీ ఆయన తేల్చాలంటే రెండూ ఆయనకు తెలియాలి కదా. కెమెరా వేసి చూశారా ముందు? వేయకపోతే వేయమని నువ్వే అడుగు. స్లీవ్ చేశాక మంట భరించలేకపోతే తర్వాత బైపాస్‌గా మార్చవచ్చట, కానీ ఒక్కసారికే నాకు ఇంత టెన్షన్‌గా ఉంటే రెండోది ఎవరు తట్టుకుంటారు?

దివ్య ఇంకో సంగతి చెప్పింది. ఆకలి పుట్టించే హార్మోను ఒకటుందట, గ్రెలిన్ అని, 1999లో జపాన్ వాళ్ళు కనిపెట్టారట. అది ఎక్కువగా పొట్ట పైభాగంలోనే తయారవుతుంది, స్లీవ్‌లో కోసేసేది ఆ భాగాన్నే. విని చాలాసేపు అలా కూర్చుండిపోయాను. నీకు పద్నాలుగేళ్ళప్పుడు అందరి ముందూ "నోరు కట్టుకోలేవా?" అన్నాను. నీకు గుర్తుందో లేదో. గుర్తుండే ఉంటుంది. నాకు చెప్పకుండా డేటు ఖాయం చేసుకున్నావంటే ఉంది.

సరే. ఏది చేయించుకున్నా విటమిన్లు మానకూడదు. ఒక ఏడాది కాదు, బతికినంతకాలం. బి12, ఐరన్, కాల్షియం, డి. ఐరనూ కాల్షియమూ ఒకేసారి మింగకు, మధ్యలో రెండు గంటలు ఉండాలి. బైపాస్ అయితే ఇంకా గట్టిగా చూసుకోవాలి, ఒంటికి పట్టే చోటునే తప్పిస్తారు కాబట్టి. తింటూ నీళ్ళు తాగకు. తీపి తింటే గుండె దడ, చెమటలు వస్తాయట బైపాస్‌లో, రాజు బాబాయి ఒకసారి ఫంక్షన్‌లో కుర్చీలోనే సోలిపోయాడు. వాంతులు ఆగకపోతే "రేపు చూద్దాం" అనకుండా వెంటనే పో. మూడో నెల నుంచి జుట్టు రాలుతుంది, ఏడవకు, చాలామందికి మళ్ళీ వస్తుంది. ఆపరేషన్ అయ్యాక ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారు. నేనేమీ అడగడం లేదు, పుస్తకంలో ఉంది కాబట్టి రాశాను.

మళ్ళీ ఉపన్యాసం అయింది. నాన్న పక్కనుంచి చదివి "ఆపవే ఇక" అంటున్నారు. ఆయన రెండుసార్లు లేచి బయటికి పోయి వచ్చారు, నీ పేరు ఎత్తలేదు, సూట్‌కేసు మాత్రం అటక మీంచి దించారు. నువ్వు రమ్మన్నా వద్దన్నా ముందు రోజుకు అక్కడ ఉంటాం. గదిలోకి రావద్దంటే బయట కూర్చుంటాను.

పొట్ట మీద కుట్లు ఉండగా తల మీంచి వేసుకునేవి పనికిరావు. ముందు గుండీలున్న చొక్కాలు మూడు కత్తిరిద్దామని గుడ్డ తీసి పెట్టాను. నడుము కొలత, ఛాతీ కొలత రాసి పంపు. చిన్నప్పుడు టేపు పెట్టగానే ఊపిరి బిగబట్టేదానివి, నాకు తెలిసీ రెండు అంగుళాలు వదులు కలిపి కుట్టేదాన్ని. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాయి.

అమ్మ