నిలవని హ్యాండ్ బ్రేకు, నిలకడ లేని జవాబులు

దేవరకొండ, నల్లగొండ జిల్లా

జోనల్ సర్వీస్ మేనేజర్ గారికి,
వాణిజ్య వాహనాల విభాగం, హైదరాబాద్.

విషయం: 2013 మోడల్ గూడ్స్ బండి హ్యాండ్ బ్రేకు నిలవకపోవడం, ఐదు నెలలుగా మీ సంస్థ నుంచి సరైన సమాధానం రాకపోవడం గురించి.

అయ్యా,

నా బండి హ్యాండ్ బ్రేకు పట్టడం లేదన్న బాధ కన్నా, ఆ మాట ఐదు నెలలుగా చెబుతున్నా మీ సంస్థలో ఒక్కరి చెవికీ ఎక్కలేదన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను. పదకొండేళ్లుగా బత్తాయిలు, వడ్లు, ఎరువు బస్తాలు మోసిన బండిలో ఏదో ఒకటి అరుగుతుందని, అరిగినదాన్ని డబ్బు పెట్టి మార్చుకోవాలని తెలియని అమాయకుణ్ణి కాను. ఉచితంగా ఇమ్మని నేను ఎవరినీ అడగలేదు. జూన్‌లో మిరుగం (మృగశిర కార్తె) నాడు అడగడం మొదలుపెట్టి దీపావళి దాటినా, ఆ సామాను మీ దగ్గర ఉందో లేదో చెప్పే మనిషి మాత్రం నాకు దొరకలేదు.

జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. లివరు లాగితే టకటకమని పళ్లు ఎక్కుతున్న చప్పుడు వస్తుంది, చెయ్యి తీసినప్పుడు నిలిచినట్టే కనబడుతుంది, బండి బరువు మోపుకోగానే టక్కున కిందికి పడిపోతుంది. జూన్ నెలలో ఏఎమ్మార్పీ కాలువ కట్ట మీద బత్తాయిలు నింపుతుండగా సరిగ్గా ఇదే జరిగింది. "మామా, బండి ఎన్కకు వోతుంది!" అని నా మేనల్లుడు కేక వేసి, చేతికందిన నల్లరాయిని వెనుక టైరు కింద తోశాడు కాబట్టి బండీ దక్కింది, వెనుక నిలబడి బుట్టలు అందిస్తున్న ఇద్దరు ఆడకూలీలూ దక్కారు. ఆ రాయి ఇప్పటికీ నా బండిలోనే ఉంది. దాని గురించి మళ్లీ చెబుతాను.

మరునాడే నల్లగొండలోని మీ అధీకృత సర్వీసు కేంద్రానికి వెళ్లాను. అక్కడి అడ్వైజరు బండి ఎక్కకుండానే, కనీసం లివరు మీద చెయ్యి వేయకుండానే, కేబుల్ సాగిందని తేల్చి, బిగించి, 650 రూపాయలు తీసుకున్నారు. నాలుగో రోజు మళ్లీ జారింది. రెండోసారి వెళితే వెనుక డ్రమ్ములు విప్పి, లైనర్లు అరిగాయని మార్చి, 4,200 రూపాయల బిల్లు చేతిలో పెట్టారు. లైనర్లు అరిగి ఉండవచ్చు, ఆ మాట నేను కాదనను. కానీ జారేది లివరు దగ్గరైనప్పుడు చక్రాల దగ్గర ఎన్ని మార్చినా ఏం ప్రయోజనం? చివరకు మా బస్టాండు వెనుక షెడ్డు నడిపే మెకానిక్ లివరు మీది కవరు విప్పి, టార్చి వేసి చూపించాడు. పళ్ల చక్రంలో ఇరుక్కుని లివరును ఆపాల్సిన చిన్న ఇనుప నాలుక కొస అరిగి, చప్పరించిన పటికబెల్లం ముక్కలాగా గుండ్రమైపోయింది. పళ్లలోనూ మధ్యవి నాలుగైదు మొండిగా మిగిలాయి. ఇది కనిపెట్టడానికి అతనికి పది నిమిషాలు పట్టింది, నా దగ్గర టీ డబ్బులు కూడా తీసుకోలేదు. వెల్డింగు పెట్టి పళ్లు లేపమని నేనే బతిమాలితే, "బ్రేకు సామానుకు వెల్డింగు పెట్టిన పాపం నాకొద్దు, కంపెనీ లివరు సెట్టే తెచ్చుకో" అన్నాడు. మీ దగ్గర శిక్షణ పొందినవారికి లేని పట్టింపు ఆ షెడ్డు మనిషికి ఉంది.

కంపెనీ సెట్టు కోసం మళ్లీ నల్లగొండకు వెళ్లి 2,000 రూపాయలు అడ్వాన్సు కట్టాను. వారం రోజుల్లో వస్తుందన్నారు. మూడు వారాల తరువాత వెళితే ఆ అడ్వైజరు మానేశారు, కొత్తగా వచ్చినవారికి నా సంగతి తెలియదు, రసీదు చూపిస్తే "ఇది పాత సిస్టంలో ఉందండీ, ఇప్పుడు కొత్త సిస్టం వచ్చింది" అన్నారు. నా 2,000 రూపాయలు ఏ సిస్టంలో ఉన్నాయో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అప్పుడు మీ టోల్ ఫ్రీ నంబరును ఆశ్రయించాను. తెలుగు కోసం రెండు నొక్కమంటే రెండే నొక్కాను, హిందీ పలికింది. పాత నిజాం ఇలాకా వాళ్లం కాబట్టి ఆ మాత్రం హిందీ మాకూ వచ్చు, నా గోడు భాష గురించి కాదు. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతి కొత్త గొంతుకూ మొదటి నుంచి మొత్తం కథ, కథ అయ్యాక 17 అక్షరాల, అంకెల ఛాసిస్ నంబరు. ఆ నంబరు ఇప్పుడు నాకు గాయత్రీ మంత్రంలాగా నోటికి వచ్చేసింది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ప్రతి ఒక్కరూ ఎంతో మర్యాదగా చింతించారు. ఇంతమంది ఇన్ని నెలలు చింతించినా ఒక్కరూ ఒక్క ఫోన్ తిరిగి చేయకపోవడం మీ సంస్థకే చెల్లింది.

ఆగస్టులో ఒకరు, ఆ సామాను మహబూబ్‌నగర్ డీలరు దగ్గర ఉన్నట్టు కంప్యూటరులో కనిపిస్తోందని, స్వయంగా వెళితే అదే రోజు వేసి పంపుతారని చెప్పారు. బాటసింగారం పండ్ల మార్కెట్టుకు వేయాల్సిన ఒక ట్రిప్పు మానుకుని, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పొద్దున్నే బయలుదేరి వెళ్లాను. పదకొండు గంటలకు చేరితే మధ్యాహ్నం మూడింటి దాకా కుర్చీలో కూర్చోబెట్టి, చివరకు తెచ్చి చూపించింది కొత్త మోడల్ లివరు. దాని బోల్టు రంధ్రాలే నా బండికి కలవవు. ఇదేమిటని అడిగితే ఆ కౌంటరులోని యువకుడు ఫోన్ మీది నుంచి కళ్లు తీయకుండా, "పాత బండి కదా సార్, గేరులో ఆపుకోండి, మరీ జారితే రాయి పెట్టుకోండి, అందరూ అదే చేస్తారు" అన్నాడు. గేరులో ఆపినా, కట్ట మీద లోడు పడేకొద్దీ బండి ఇంజను మీద బరువు తోసుకుంటూ అంగుళం అంగుళం జారుతుందని ఆ అబ్బాయికి తెలియకపోవచ్చు. ఇన్ని కోట్ల పెట్టుబడితో, ఇంతమంది ఇంజనీర్లతో నడిచే సంస్థ నాకు ఇచ్చిన సాంకేతిక పరిష్కారం రాయి. అది మా మేనల్లుడు జూన్‌లోనే కనిపెట్టాడు, వాడు పదో తరగతి తప్పాడు.

అదే సాయంత్రం తిరుగు దారిలో కల్వకుర్తి దగ్గర టీ కోసం ఆగి, టైరు కింద ఆ రాయి పెడుతుండగానే నా ఫోన్‌కు సందేశం వచ్చింది: మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడింది, మా సేవకు ఐదు నక్షత్రాలలో ఎన్ని ఇస్తారు అని. అయ్యా, బ్రేకు జారినప్పుడు కూడా నాకు అంత మండలేదు.

2013 దసరాకు ఈ బండి కొన్ననాడు మీ షోరూములో నా మెడలో దండ వేశారు, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు, తాళం చెవి ఇస్తూ ఫోటో తీసి గోడకు పెట్టుకున్నారు. నా మాట విని మా ఊళ్లో మా బావమరిది ఒకటి, పక్క తండాలో ఇద్దరు చెరొకటి మీ బళ్లే కొన్నారు. వేరే కంపెనీ వాళ్లు ఎక్స్ఛేంజి ఆఫరుతో ఇంటికి వచ్చినా టీ తాగించి పంపాను. ఆనాడు నిమ్మకాయలు, ఈనాడు రాయి. టైరు కింద మీరు పెట్టించేది మారింది, అంతే.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించుకోవాలని మీకు తెలుసు. వచ్చే నెలలో నా బండి గడువు. మా వైపు ఆ అధికారిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. ఆయన ముందు హ్యాండ్ బ్రేకు లాగమంటే నేను దిగి రాయి పెట్టి చూపించాలా? లివరు సెట్టు ఇస్తారా, ఇవ్వలేకపోతే ఆ మోడల్‌కు సామాను తయారు చేయడం ఆపేశామని కాగితం మీద రాసి ఇస్తారా, నా 2,000 అడ్వాన్సు, అనవసరంగా వసూలు చేసిన బిగింపు డబ్బులు తిరిగి ఇస్తారా, ఇందులో ఏదో ఒకటి తేల్చండి. నిజం చెప్పాలంటే, పేరు, హోదా ఉన్న ఒక మనిషి నా నంబరుకు ఫోన్ చేసి "అవును, పొరపాటు మాదే" అన్నా నా కోపం సగం దిగేది.

పదిహేను రోజుల్లో అదీ జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని నల్లగొండ జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. ఐదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ రుసుము కూడా కట్టనక్కరలేదు, కాబట్టి నాకు పోయేది ఏమీ లేదు. అంతకన్నా ముందు మీ నల్లగొండ షోరూము ఎదురుగా, రోడ్డుకు అవతలి వైపు, ఆ రాయి ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టిస్తాను. దాని కింద మీ కౌంటరు వారి సలహాను ఉన్నదున్నట్టు అచ్చు వేయిస్తాను. బండి అక్కడికి నేనే తోలుకొస్తాను, ఆపుకోవడానికి రాయి నా దగ్గర ఉంది.

ఈ ఉత్తరానికి జవాబును దయచేసి నక్షత్రాలు అడిగే సందేశం రూపంలో పంపవద్దు.

ఇట్లు,
2013 నుంచి మీ ఖాతాదారుడు

జత: రెండు బిల్లులు, అడ్వాన్సు రసీదు, రాయి ఫోటో.