ఖదూర్ సాహిబ్ ఓటర్ల మీద ఆ మాట తగదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో ఆ వార్త వచ్చి పది రోజులు దాటింది. వెంటనే రాద్దామనుకున్నాను కానీ మిరపకాయ కోతల్లో పడి కుదరలేదు. సిక్కులకు ఖలిస్థాన్ అనే వేరే దేశం కావాలనే నాయకుడు, పంజాబ్‌లోని ఖదూర్ సాహిబ్ నుంచి జైల్లో ఉండే ఎంపీగా గెలిచిన అమృత్‌పాల్ సింగ్ పార్లమెంటు సమావేశాలకు వెళ్లడానికి పెరోల్ అడిగిన సంగతి మీరు వేశారు, వేయాల్సిందే. దాని పక్కన స్వర్ణ దేవాలయం ఫొటో ఎందుకు వేశారు? ఆ మనిషిని పెట్టింది అస్సాంలోని దిబ్రూగఢ్ జైల్లో, గెలిచింది ఖదూర్ సాహిబ్‌లో. ఆ గుడికీ ఈ పెరోల్ అర్జీకీ ఏం సంబంధం? పైగా శీర్షికలో ఆ నియోజకవర్గం మొత్తాన్నీ వేర్పాటువాదుల అడ్డా అనేశారు. అది చదివి ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

నేను ఆర్మీలో పనిచేసి రిటైరయినవాణ్ని. మా గిద్దలూరు, కంభం వైపు ఊళ్లలో నాలాంటివాళ్లు చాలామంది ఉంటారు. 1990 నుంచి రెండేళ్లు మా యూనిట్ ఆ నియోజకవర్గంలోని తరన్ తారన్ వైపే ఉంది. ఉగ్రవాదుల భయంతో పొద్దుగూకితే రోడ్డు మీద బస్సు కనిపించని రోజులవి. 1992 ఫిబ్రవరిలో అసెంబ్లీ ఎన్నికలు పెడితే పంజాబ్ మొత్తం మీద నూటికి పాతికమంది కూడా ఓటేయలేదు. అలాంటి రోజుల్లో మా పోస్టుకు లస్సీ బిందె మోసుకొచ్చి ఇచ్చిన ముసలి సర్దార్‌జీ ఊరు మీ అడ్డాలోనే ఉంది. 1965 యుద్ధంలో మన జవాను అబ్దుల్ హమీద్ ప్రాణమిచ్చి పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను ఆపిన అసల్ ఉత్తర్ ఉన్న ఖేమ్‌కరణ్ కూడా ఈ నియోజకవర్గంలోదే. సిక్కుల రెండో గురువు అంగద్ దేవ్ పంజాబీ రాసే గురుముఖి లిపిని తీర్చిదిద్దింది ఖదూర్ సాహిబ్‌లో. వాళ్లందరినీ కలిపి ఒక్క మాట అనడానికి మీకు చెయ్యెలా వచ్చింది?

అంకెలు కూడా చూద్దాం. 2024లో అతనికి వచ్చినవి 4,04,430 ఓట్లు, మెజారిటీ 1,97,120. పెద్ద మెజారిటీయే, పంజాబ్‌లోని 13 సీట్లలో అంతకంటే పెద్దది లేదు. కానీ పోలైన ఓట్లలో అతనికి వచ్చినవి నూటికి 39 కన్నా తక్కువే. మిగతా అరవై మంది వేరేవాళ్లకు వేశారు. 2025 నవంబరులో తరన్ తారన్ అసెంబ్లీ ఉప ఎన్నికలో అతని వాళ్లు నిలబెట్టిన అభ్యర్థికి మూడో స్థానం వచ్చింది. ఆ వార్త మీ పేపర్లో ఎంత వెతికినా నాకు కనిపించలేదు.

నేను అతని మనిషిని కాను, ఈ ముక్క స్పష్టంగా చెబుతున్నాను. దుబాయ్‌లో ఇంటి ట్రాన్స్‌పోర్టు వ్యాపారం చూసుకున్న కుర్రాడు 2022లో తిరిగొచ్చి, నటుడు దీప్ సిద్ధూ పెట్టిన వారిస్ పంజాబ్ దే సంస్థకు నాయకుణ్నని నిలబడి, 1984లో చనిపోయిన సిక్కు తీవ్రవాద నాయకుడు భింద్రన్‌వాలే సొంతూరు రోడేలో తలపాగా చుట్టించుకున్నాడు. 2023 ఫిబ్రవరి 23న, పట్టుబడిన తన అనుచరుణ్ని విడిపించమంటూ అజ్నాలా పోలీస్ స్టేషన్ మీదికి కత్తులు, తుపాకులతో జనాన్ని తీసుకెళ్లి, గురు గ్రంథ సాహిబ్ పల్లకీని ముందు పెట్టాడు. పోలీసులు దెబ్బలు తిన్నారు, వాళ్లలో ఎస్పీ స్థాయి అధికారి కూడా ఉన్నాడు. పవిత్ర గ్రంథాన్ని డాలుగా వాడడం సిక్కుల్లోనే ఎంతోమందికి కడుపు రగిలించింది. నిరసనలకు గ్రంథాన్ని తీసుకెళ్లవచ్చా అని సిక్కుల అత్యున్నత మతపీఠమైన అకాల్ తఖ్త్ అధిపతి (జతేదార్) కమిటీ వేయాల్సి వచ్చింది. గ్రంథాన్ని అలా వాడడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

తర్వాత ప్రభుత్వం ఏం చేసింది? ఆ రోజు తలొంచి, వాళ్లు విడిపించమన్న అనుచరుణ్ని మర్నాడే వదిలేసింది. నెల తిరక్కుండా మార్చి 18న అతని కోసం వేట మొదలుపెట్టి, మూడు కోట్ల జనం ఉన్న రాష్ట్రమంతా మొబైల్ ఇంటర్నెట్ ఆపేసింది. 36 రోజుల తర్వాత, ఏప్రిల్ 23న ఆ రోడేలోనే దొరికాడు. మొదటి రోజే చట్టప్రకారం నడుచుకుని ఉంటే ఇంత అవసరం ఉండేదా?

ఇక అసలు విషయానికొస్తాను, మీ పేపర్ రాయాల్సింది ఇదీ. జాతీయ భద్రతా చట్టం కింద ఒక ఉత్తర్వుతో 12 నెలలకు మించి నిర్బంధించడానికి లేదు. అందుకని అతని మీద 2023లో ఒకటి, 2024లో ఇంకొకటి, 2025 ఏప్రిల్‌లో మూడోది ఇచ్చారు. ఆ చట్టం కింద విచారణ ఉండదు, తీర్పు ఉండదు. అతనితో పాటు దిబ్రూగఢ్‌లో ఉన్న ఏడుగురి మీద 2025 మార్చిలో ఆ చట్టం ఎత్తేసి, అజ్నాలా కేసు విచారణకు పంజాబ్‌కు తీసుకొచ్చారు కదా, మరి ముందు నడిచినవాణ్ని ఎందుకు తీసుకురాలేదు? వందలమంది కళ్లెదుట, టీవీ కెమెరాల ముందు జరిగిన సంఘటన. సాక్ష్యం లేదని ఎవరూ అనలేరు. కోర్టులో నిలబెట్టి నేరం రుజువు చేయండి, శిక్ష వేయించండి. రెండేళ్లో అంతకుమించో శిక్ష పడితే పదవి దానంతటదే పోతుంది, చట్టంలో ఆ ఏర్పాటు ఉంది. అది చేయకుండా ఏడాదికోసారి కాగితం మారుస్తూ పోతే, వాళ్ల ఊళ్లో అతను అన్యాయమైపోయిన బిడ్డ అవుతాడు. అతనికి ఓట్లు పడడానికి ఆ జాలీ ఒక కారణం.

1989లో ఇదే ప్రాంతంలో అప్పుడున్న తరన్ తారన్ లోక్‌సభ సీటు నుంచి ఖలిస్థాన్ వాది సిమ్రన్‌జిత్ సింగ్ మాన్ జైల్లో ఉండే నాలుగున్నర లక్షలకు పైగా మెజారిటీతో గెలిచాడు. గెలిచాక సిక్కులు ధరించే కత్తితో (కిర్పాణ్) లోపలికి రానివ్వడం లేదని సభకే వెళ్లలేదు, చివరికి రాజీనామా చేశాడు. జైల్లో పెట్టి ఊరుకుంటే ఏమవుతుందో అప్పుడే చూశాం. ఇన్నేళ్లకు మళ్లీ అదే గడ్డ మీద అదే తప్పా?

అమృత్‌పాల్ 2024 జూలై 5న నాలుగు రోజుల పెరోల్ మీద వచ్చి, దేశ సార్వభౌమత్వాన్ని, సమగ్రతను కాపాడతానని ప్రమాణం చేశాడు. ఆ మాటలు ప్రమాణంలో చేర్చింది 1963లో, 16వ రాజ్యాంగ సవరణతో, సరిగ్గా ఇలాంటి వాదాలను దృష్టిలో పెట్టుకునే. ఆ తర్వాత వాళ్లమ్మ తన కొడుకు ఖలిస్థానీ కాదని చెబితే, ఆ మాటతో తనకు సంబంధం లేదని అతని పేరుతోనే ప్రకటన వచ్చింది. ఆ తేడా ఏమిటో సభలో నిలబెట్టి తోటి ఎంపీలు అడగాలి, అతను జవాబు చెప్పాలి. అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోతే సీటు ఖాళీ అయిందని ప్రకటించవచ్చని రాజ్యాంగంలో ఉంటే, రానివ్వకుండా ఆపి మళ్లీ సెలవు మంజూరు చేశారు. మధ్యలో తొమ్మిది అసెంబ్లీ స్థానాల జనానికి లోక్‌సభలో మాట్లాడే మనిషి లేకుండా పోయాడు.

వేర్పాటువాదం అన్న మాట గురించి కూడా చెప్పాలి. మన తెలుగువాళ్లం ఆ మాటను ఇప్పటికే ఒకసారి తప్పుగా వాడాం. 2013లో సమైక్యాంధ్ర ఊరేగింపుల్లో నేనూ నడిచాను, తెలంగాణ అడిగినవాళ్లను ఆ పేరుతో పిలిచినవాళ్లలో నేనూ ఉన్నాను. వాళ్లు అడిగింది రాజ్యాంగంలో మూడో అధికరణం కింద ఒక రాష్ట్రం. ఇక్కడ అడుగుతున్నది వేరే దేశం. ఈ తేడా తెలిసినవాళ్లు ఆ మాటను ఎవరి మీద పడితే వాళ్ల మీద విసరకూడదు.

జనం ఎందుకు వేశారో మీ విలేకరి ఒక్క వాక్యం రాయలేదు. సరిహద్దు అవతలి నుంచి డ్రోన్లలో హెరాయిన్ వచ్చి పొలాల్లో పడే ప్రాంతం అది. 2020లో కల్తీసారా తాగి వంద మందికి పైగా చనిపోతే అందులో ఎక్కువమంది తరన్ తారన్ జిల్లా వాళ్లే. 2025 మేలో పక్కనే మజీఠా వైపు మళ్లీ ఇరవై మందికి పైగా పోయారు. అకాలీలను చూశారు, కాంగ్రెస్‌ను చూశారు, ఆప్‌ను చూశారు. ఆ సమయంలో ఒకడు వచ్చి మీ పిల్లల చేత మత్తు మాన్పిస్తానంటే ఏ తల్లయినా వినదా? మా వీధిలో గంజాయికి అలవాటుపడ్డ పిల్లాడొకడున్నాడు, డిగ్రీ మధ్యలో మానేశాడు. వాళ్లమ్మ ఆ పిల్లాణ్ని వెంటబెట్టుకుని ఆస్పత్రుల చుట్టూ, స్టేషన్ చుట్టూ తిరిగింది. ఎక్కడా సరైన జవాబు లేదు, ఇంకోచోటికి వెళ్లమన్నారు. ఆవిడకు రేపు ఎవరైనా నేనున్నానని చెబితే, అతని మిగతా మాటలు ఏమిటని అడిగే ఓపిక ఆవిడకు ఉంటుందని నేననుకోను. ఖదూర్ సాహిబ్‌లో అలాంటి తల్లులు ఎంతమందో ఆలోచించండి.

హైదరాబాద్‌లో సిక్కులు నిజాం కాలం నుంచి ఉన్నారు, వాళ్ల పిల్లలు మనకంటే మంచి తెలుగు మాట్లాడతారు, మీ పేపరే కొని చదువుతారు. ఆ రోజు పొద్దున ఆ ఫొటో, ఆ శీర్షిక చూసి వాళ్లకెలా ఉండి ఉంటుంది? ఆ శీర్షిక తప్పని చిన్న అక్షరాల్లోనైనా వేయండి. ఇకముందు అమృత్‌పాల్ వార్తకు అమృత్‌పాల్ ఫొటోనే పెట్టండి.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
గిద్దలూరు.