వెనక బండి ఎంత దూరంలో ఉందో కూడా కొలవండి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది కోదాడ దగ్గర ఒక పల్లె. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇల్లు వనస్థలిపురంలో. అమ్మ ఊరు వదిలి రానంటుంది కాబట్టి నెలకు రెండుసార్లు శనివారం పొద్దున్నే బయల్దేరి వెళ్లి, ఆదివారం సాయంత్రం తిరిగొస్తాం. అంటే విజయవాడ హైవే మీద పంతంగి టోల్, కొర్లపహాడ్ టోల్ నెలకు నాలుగేసి సార్లు దాటుతాను. పదేళ్లుగా ఇదే తంతు. ఆ రోడ్డు నాకు మా ఇంటి వీధి కింద లెక్క, ఎక్కడ గుంత ఉందో, ఏ ఊరి దగ్గర ట్రాక్టరు ఎదురొస్తుందో తెలుసు. కానీ ఈమధ్య ఆ రోడ్డెక్కాలంటే భయమేస్తోంది. ఆ భయం గుంతల వల్ల కాదు, ఎదురొచ్చే ట్రాక్టర్ల వల్లా కాదు. వెనకాల తగులుకునే బండ్ల వల్ల.

ఈ ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం జరిగింది చెబుతాను. కొర్లపహాడ్ టోల్ దాటి నకిరేకల్ వైపు వస్తున్నాం, ఆరున్నర అయ్యుంటుంది, అప్పుడప్పుడే మసక పడుతోంది. ఎడమ లేన్‌లో లారీలు వరసగా ఉన్నాయి, లోడు బండ్లు, యాభైలో పోతున్నాయి. నేను వాటిని దాటుకుంటూ కుడి లేన్‌లో తొంభైలో ఉన్నాను. నా ముందు ఇంకో కారు, దానికీ నాకూ మధ్య సరిపడా దూరం. అప్పుడు వెనక నుంచి ఒక ట్రావెల్స్ బస్సు వచ్చి అతుక్కుంది. అతుక్కుంది అన్నమాట ఊరికే అనడం లేదు, వెనక అద్దంలో దాని హెడ్‌లైట్లు కూడా సరిగ్గా కనపడటం లేదు, అద్దం నిండా గ్రిల్లే ఉంది. అప్పుడు డిప్పర్ మొదలుపెట్టాడు. వెనక సీట్లో మధ్యలో మా పాప కూర్చుంది, ఎనిమిదేళ్లు. వాడు లైటు కొట్టిన ప్రతిసారీ మా పాప తల నీడ నా ముందు డ్యాష్‌బోర్డు మీద పడి మాయమయ్యేది. లైటు, నీడ, లైటు, నీడ. పాప వెనక్కి తిరిగి చూసి "నాన్నా, బస్సు మన కార్లోకి వచ్చేస్తోంది" అంది.

నేనేం చేయగలను సార్? ఎడమకి వెళ్దామంటే లారీకీ లారీకీ మధ్య కారు పట్టేంత సందు లేదు. బ్రేకు తొక్కితే వాడు మా మీదకొస్తాడు. నాకున్న దారి ఒక్కటే, యాక్సిలరేటర్. నొక్కాను. ముందున్న కారుకి దగ్గరవుతూ, అతన్ని నేనూ తరుముతూ, లారీలన్నీ దాటేదాకా అలాగే పోయి, సందు దొరకగానే ఎడమకి దూరాను. బస్సు హారన్ మోగించుకుంటూ పోయింది. నార్కట్‌పల్లి దగ్గర ఆపి నీళ్లు తాగుతుంటే నా చేతులు వణుకుతున్నాయి. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

నాలుగు రోజుల తర్వాత ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఓవర్‌స్పీడ్ చలానా, 1035 రూపాయలు. వేగం 112. తెరిచి ఫోటో చూశాను. ముందు నుంచి తీసిన ఫోటో. నా కారు నంబరు ప్లేటు, నా కారు పైకప్పు, దాని మీద నుంచి ఆ బస్సు ముందు అద్దం. రెండూ కలిసి ఒకే బండిలా ఉన్నాయి. ఆ ఫోటో చూస్తే చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది ఎవరు ఎవర్ని తరుముతున్నారో. కానీ కెమెరా కొలిచింది నా వేగం ఒక్కటే.

చలానా కట్టాను. వేగంగా వెళ్లింది నిజం, దానికి వాదన లేదు. నేను అడిగేది ఆ ఫోటోలో కనపడుతున్న రెండో విషయం గురించి. ఆ దూరం గురించి. మన హైవేల మీద దాన్ని కొలిచేవాడు లేడు.

చట్టంలో లేదా అంటే ఉంది. ముందు బండి హఠాత్తుగా ఆగినా గుద్దుకోకుండా ఆగగలిగేంత దూరం పాటించాలని 1989 నాటి నిబంధనల్లోనే ఉంది, వాటి స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, ఈ నిబంధనలు ఉల్లంఘిస్తే వేసే జరిమానా ఐదొందల నుంచి వెయ్యి అని 177ఏ సెక్షన్ పెట్టారు. ప్రమాదకరంగా నడిపితే 184 సెక్షన్ ఉంది, అందులో వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఆ సెక్షన్ కింద ఏవేవి ప్రమాదకరమో రాశారు, రెడ్ సిగ్నల్ దాటడం, ఫోన్ పట్టుకుని నడపడం, తప్పుగా ఓవర్‌టేక్ చేయడం, రాంగ్ రూట్‌లో రావడం. ముందు బండికి అంటుకుని తరమడం మాత్రం పేరు పెట్టి ఎక్కడా రాయలేదు. ఇంకెలాగైనా ప్రమాదకరంగా నడిపితే అన్న వాక్యం కిందకి లాగొచ్చు, కానీ లాగేదెవరు? నాకు తెలిసినవాళ్లలో దగ్గరగా నడిపినందుకు చలానా పడినవాడు ఒక్కడూ లేడు. హెల్మెట్‌కి పడింది, సీటు బెల్టుకి పడింది, స్పీడుకి పడింది. దీనికి మాత్రం గుద్దాకే కేసు.

గుద్దితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లోనే ఉంది, 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ ఏడాది జరిగిన ప్రమాదాల్లో ఐదింట ఒకటి వెనక నుంచి గుద్దినదే.

లెక్క పెద్ద కష్టమేం కాదు సార్. గంటకు వంద కిలోమీటర్లలో పోతున్న బండి సెకనుకి దాదాపు ఇరవై ఎనిమిది మీటర్లు పోతుంది. ముందు బండి బ్రేక్ లైటు వెలిగింది చూసి, కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీసి బ్రేకు మీద పెట్టేసరికే ఎంత చురుకైన డ్రైవరుకైనా దాదాపు ఒక సెకను పోతుంది. అంటే బ్రేకు తొక్కేలోపే ఇరవై ఎనిమిది మీటర్లు అయిపోయాయి. బస్సులకీ లారీలకీ ఎయిర్ బ్రేకులు, అవి పట్టుకోవడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది. నా వెనక ఆ రోజు ఉన్న దూరం ఐదారు మీటర్లు. కన్ను ఆర్పి తెరిచేలోపు అయిపోయే దూరం. నా ముందు ఒక గేదె అడ్డం వచ్చినా, ఒక టైరు పగిలినా, ఆ డ్రైవరు ఎంత మొనగాడైనా చేయగలిగింది ఏమీ లేదు.

తప్పంతా బస్సుల వాళ్లదే అంటే అన్యాయం. కుడి లేన్‌లో అరవైలో పోతూ, ఎడమంతా ఖాళీగా ఉన్నా సైడ్ ఇవ్వని వాళ్లు ఉన్నారు, వాళ్ల వెనక ఎవరికైనా చిరాకొస్తుంది. లోడు లారీ ఇంకో లోడు లారీని దాటడానికి రెండు కిలోమీటర్లు తీసుకుంటుంది. పెద్ద కార్ల వాళ్లయితే బస్సులకేం తక్కువ కాదు, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎక్కడ చూసినా వాళ్లే. అటు రెండు, ఇటు రెండు లేన్ల రోడ్డు మీద ఎడమ లేన్‌లో లారీలు, ఆటోలు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, హోటళ్ల ముందు ఆపిన బండ్లు అన్నీ ఉంటే, మిగిలినవాళ్లందరికీ ఉన్నది ఒక్క కుడి లేన్. ఆ ఒక్క లేన్ కోసమే ఈ తన్నులాట. ఆరు లేన్లు చేస్తామంటున్నారు, సంతోషం. కానీ ఔటర్ మీద ఒక్కో వైపే నాలుగు లేన్లు ఉన్నాయి, అక్కడా తరుముతున్నారు కదా. లేన్లు పెరిగినంత మాత్రాన ఈ అలవాటు పోదు.

ఆ సంఘటన తర్వాత ఒకసారి సూర్యాపేట దగ్గర ఒక హోటల్లో టీ తాగుతుంటే పక్క బల్ల మీద ఒక ట్రావెల్స్ డ్రైవరు కూర్చున్నాడు. యాభై దాటి ఉంటాయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. అడిగేశాను, "అన్నా, అంత దగ్గరగా ఎందుకొస్తారు, భయం వేయదా" అని. ఆయన కోప్పడలేదు. "గ్యాప్ వదిలితే అందులో నలుగురు దూరుతరు సార్. ఒక్కొక్కడు దూరినప్పుడల్లా నేను మళ్లా బ్రేకు కొట్టాలె. పది నిమిషాలు లేటయితే ఆఫీసు నుంచి ఫోను, వెనక నుంచి ప్యాసింజర్ల తిట్లు. భయమెందుకుండదు, ఇంట్ల ముగ్గురు పిల్లలున్నరు" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు, దాని గురించి నేను చాలా ఆలోచించాను. "అందరూ వదిలితే నేనూ వదుల్త సార్, నేనొక్కన్నే వదిలితే నేను పిచ్చోన్నయిత" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కడు మారితే నష్టపోయేది వాడే. అందరి చేతా ఒకేసారి దూరం పాటించేలా చేయగలిగింది ప్రభుత్వం ఒక్కటే, అందుకే ఈ లేఖ ఆ డ్రైవరన్నకి కాకుండా మీకు రాస్తున్నాను.

ఇది కుదరని పని కాదు. మా పిన్ని కొడుకు జర్మనీలో ఉంటాడు. అక్కడికి వెళ్లిన కొత్తలో, ఇక్కడి అలవాటే కదా, ముందు కారుకి దగ్గరగా నడిపాడు. కొన్ని వారాలకి ఇంటికి ఉత్తరం వచ్చింది. హైవే మీద ఉన్న బ్రిడ్జి పైనుంచి కెమెరాతో తీశారు, వేగం ఎంత, ముందు కారుకి దూరం ఎన్ని మీటర్లు, రెండూ రాసి పంపారు. అక్కడ అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది, స్పీడోమీటరు మీద ఎంత వేగం ఉందో అందులో సగం మీటర్లు దూరం ఉండాలి. వందలో పోతుంటే యాభై మీటర్లు. వంద దాటిన వేగంలో మరీ దగ్గరగా వెళితే జరిమానాతో పాటు నెల రోజులు బండి నడపనివ్వరు. జపాన్‌లో అయితే 2017లో ఒక కుటుంబాన్ని హైవే మీద తరిమి, అడ్డంపెట్టి ఆపించారు. వెనక నుంచి లారీ గుద్ది భార్యాభర్తలు చనిపోయారు, ఆడపిల్లలిద్దరూ బతికారు. ఆ దేశం మొత్తం కదిలిపోయింది, 2020లో ఇలా తరమడాన్నే నేరం చేస్తూ చట్టం తెచ్చారు. లైసెన్స్ రద్దు, జైలు. ఆ వార్త చదివినప్పుడు నాకు మా పాప నీడే గుర్తొచ్చింది.

మన దగ్గర ఏం చేయొచ్చో నాకు తోచింది చెబుతాను, మీ దగ్గర ఇంతకంటే తెలిసిన ఇంజినీర్లు ఉన్నారు. హైవే మీద ఫుట్ ఓవర్ బ్రిడ్జిలు ఉన్నాయి, ఫ్లైఓవర్లు ఉన్నాయి. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా ఓ రెండు మూడు చోట్ల పైనుంచి కెమెరా పెట్టండి. ఒక బండి దాటాక వెనక బండి అదే చోటుకి ఎంత సేపట్లో వచ్చిందో కొలవడమే, అర సెకను కూడా లేకపోతే చలానా. దాన్ని 177ఏ కింద కాకుండా 184 కింద రాయమని చెప్పండి, ఐదొందలకి ట్రావెల్స్ ఓనరు లెక్కచేయడు. తరమడాన్ని 184లో పేరు పెట్టి చేర్చమని కేంద్రానికి మీరు రాయండి, ఆ చట్టం మార్చాల్సింది వాళ్లే కదా. బస్సులకైతే ఇంకో సంగతి. 2019 నుంచి బస్సుల్లాంటి, కిరాయికి ప్రయాణికుల్ని ఎక్కించుకునే కొత్త వాహనాల్లో ట్రాకింగ్ పరికరం తప్పనిసరి చేశారు. ఏ బస్సు ఎక్కడ ఎంత వేగంలో ఉందో అందులో ఉంటుంది. పర్మిట్ ఇచ్చేది మీ శాఖ. ఒకే కంపెనీ బస్సులు మళ్లీ మళ్లీ దొరికితే డ్రైవర్ని కాదు, టైమింగులు పెట్టిన ఓనర్ని పిలిచి అడగండి. ఆ టీ హోటల్లో కూర్చున్న మనిషి జీతంలోంచి కోస్తే ఏమీ మారదు, ఇంకో ఎర్రకళ్ల మనిషి ఆ సీట్లో కూర్చుంటాడు.

అన్నిటికంటే తేలికైనది పెయింట్. ఇంగ్లండ్‌లో కొన్ని హైవేల మీద రోడ్డు మీదే బాణం గుర్తులు వేసి, ముందు బండికీ మీకూ మధ్య రెండు గుర్తులు కనపడాలి అని బోర్డు పెట్టారు. చదువు రానివాడికీ అర్థమవుతుంది, రెండు గుర్తులు లెక్కపెట్టుకుంటాడు. నార్కట్‌పల్లి దాటాక తిన్నటి రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు వేసి చూడండి. జాతీయ రహదారి కాబట్టి ఢిల్లీ అనుమతి కావాలంటారేమో, మీరు అడిగితే కాదంటారా?

లైసెన్సు సంగతి కూడా చెప్పాలి. నా టెస్టులో హెచ్ వేయించారు, రివర్స్ చేయించారు. ఎవరూ హైవే ఎక్కించలేదు. నాకు పదేళ్ల అనుభవం వచ్చాక కూడా, ఎంత వేగానికి ఎంత దూరం ఉండాలో ఆ పిన్ని కొడుకు చెప్పేదాకా తెలియదు. ఆ రోజు నా ముందున్న కారు వాణ్ని నేనూ తరిమాను అని పైన రాశాను కదా, అతని కార్లోనూ ఎవరో ఉండి ఉంటారు, వాళ్లూ వెనక్కి తిరిగి నా లైట్లు చూసి ఉంటారు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

వచ్చే శనివారం మళ్లీ ఊరెళ్తున్నాం. మా పాప ఇప్పుడు మధ్యలో కూర్చోనంటోంది, డోరు పక్కన కూర్చుని వెనక్కి చూడకుండా కళ్లు మూసుకుంటుంది. మీకు వీలైతే ఒక ఆదివారం సాయంత్రం సైరన్ లేకుండా, ఎస్కార్ట్ లేకుండా, మామూలు కార్లో సూర్యాపేట నుంచి హైదరాబాద్ రండి. ముందు సీట్లో కాదు, వెనక సీట్లో మధ్యలో కూర్చోండి. చలానా ఫోటో నా దగ్గర దాచిపెట్టాను, మీ ఆఫీసు వాళ్లు అడిగితే పంపిస్తాను.

ఇట్లు,
కోదాడ రోడ్డు మీద నెలకు రెండుసార్లు వెళ్లొచ్చే ఒక తండ్రి
వనస్థలిపురం, హైదరాబాద్