బడిలో పది రోజులు సూదీదారం పట్టనివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఆషాఢం మొదలైనప్పటి నుంచి మీ పత్రిక మొదటి పుట బట్టల దుకాణాల తగ్గింపు ప్రకటనలతోనే వస్తోంది. దాన్ని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. శ్రావణంలో వచ్చే నోములకూ పెళ్ళిళ్ళకూ పెట్టుబడి చీరలు ఈ నెలలోనే కొని ఉంచుకోవడం మన ఇళ్ళల్లో ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. అయితే ఇదే ఆషాఢంలో, పుట్టింటికి వచ్చిన కొత్త పెళ్ళికూతురు తల్లి పక్కన కూర్చుని దిండు గలేబులకు గొలుసు కుట్టుతో పూలు కుట్టుకోవడం, అత్తవారింట్లో ఉన్న చిన్న ఆడబిడ్డకు ఒక గౌను కుట్టి తీసుకువెళ్ళడం కూడా ఉండేవి. మనవాళ్ళకు మన చేతులతో కుట్టి ఇచ్చే ఆ అలవాటు నిలవాలంటే దాన్ని ఇక ఇంటి మీద వదిలేసి లాభం లేదనీ, బడిలోనే ఆడపిల్లలకూ మగపిల్లలకూ కలిపి నేర్పాలనీ నా అభిప్రాయం.

నేను దర్జీని కాను. హైస్కూలులో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. మా అమ్మ చేతి మిషను పక్కన కూర్చుని నేర్చుకున్న కుట్టుతో నలభై ఏళ్ళుగా ఇంట్లోవాళ్ళకూ స్నేహితులకూ కుట్టి ఇస్తున్నాను. పైసా తీసుకోలేదు.

మొన్న వేసవిలో మా పక్కింటి అమ్మాయికి పురుడు వచ్చింది. చూడడానికి వచ్చిన వాళ్ళు తెచ్చిన గౌన్లన్నీ జలతారు లేసులతో, గుచ్చుకునే నెట్టు గుడ్డతో ఉన్నవే. ఎండలు మండిపోతున్న రోజుల్లో వాటిని తొడిగితే పాప మెడ కిందా చంకల్లోనూ ఎర్రగా కంది పొక్కింది. పసిబిడ్డకు మొదట పాత బట్టలే తొడగాలని మన పెద్దవాళ్ళు అన్న మాటలో ఎంత అర్థముందో అప్పుడు ఆ పిల్లకు చెప్పాను. ఎన్నోసార్లు ఉతికిన నూలుగుడ్డలో గంజి మిగలదు, పోగు మెత్తబడుతుంది, చెమటను పీల్చుకుంటుంది. మా ఇంట్లో ఉన్న పాత పంచె ఒకటి మరిగే నీళ్ళలో వేసి, ఎండలో ఆరబెట్టి, దానిలోంచి ఆరు జుబ్బాలు కుట్టి ఇచ్చాను. నెల లోపు బిడ్డకు తల మీదుగా తొడిగే చొక్కా పనికిరాదు, మెడ ఇంకా నిలవదు కాబట్టి పూర్తిగా ముందుకు తెరుచుకునేలా ఉండాలి. గుండీ పెట్టకూడదు, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. పక్కకు ముడివేసే చిన్న నాడాలు చాలు. అవి నాలుగైదు అంగుళాలకు మించి పొడవు ఉండకూడదు, మెడ దగ్గర అసలే ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, కుట్టు మడతలు లోపలికి కాకుండా బయటి వైపుకు రావాలి, అప్పుడే పాప ఒంటికి గుడ్డ తప్ప మరేమీ తగలదు. దుకాణంలో అందం కోసం మడతను లోపలికి దాచిన బట్ట మీద ఇంత ఆలోచన ఉండదు. దాన్ని కుట్టిన మనిషికి ఆ బిడ్డ ఎవరో తెలియదు కదా. బారసాల నాడు ఆ అమ్మాయి, “పిన్నిగారూ, వచ్చిన వాటన్నిటిలోకీ పాప హాయిగా నిద్రపోయింది వీటిలోనే” అంది. ఆ పంచెకు నేను పెట్టిన ఖర్చు దారం రీలు ఒకటే.

ఎదిగే పిల్లల బట్టల్లో ఇలాంటి ఆలోచనే మరో విధంగా ఉండేది. పరికిణీ కుట్టేటప్పుడు మా అమ్మ అంచుకు పైన అడ్డంగా రెండు మూడు టక్కులు పెట్టేది. పిల్ల పొడుగైన కొద్దీ ఏటా ఒక టక్కు విప్పేవారు. రవికకు పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదిలేవారు. అందువల్ల ఒక పట్టు పరికిణీ అక్కకు మూడేళ్ళు, చెల్లెలికి మరో మూడేళ్ళు వచ్చేది. నేటి రెడీమేడ్ గౌనును తిరగేసి చూస్తే కుట్టు పక్కన పావు అంగుళం కూడా మిగలదు, ఓవర్‌లాక్ మిషను మిగిలిన గుడ్డను కత్తిరించి పారేస్తుంది. పిల్ల ఎదగగానే ఆ బట్ట పని అయిపోయినట్టే.

శ్రావణ శుక్రవారాలు దగ్గర పడుతున్నాయి కాబట్టి రవికల గుడ్డల సంగతి కూడా చెప్పాలి. పేరంటానికి వచ్చిన ముత్తైదువకు తాంబూలంలో రవికల గుడ్డ పెట్టడం మంచి ఆచారమే. కానీ ఇవాళ పెడుతున్న వాటిలో చాలా గుడ్డలు ఎవరి చీరకూ నప్పని రంగులో, లైనింగు లేకుండా కుట్టుకోలేనంత పలచగా ఉంటాయి. అవి ఒక బీరువాలోంచి మరో బీరువాలోకి పసుపు మరకలతో సహా తిరుగుతూనే ఉంటాయి. నిరుడు నేను వరలక్ష్మీ వ్రతానికి ముందు మా ఇంట్లో చేరిన ముక్కలన్నీ తీసి, కాస్త గట్టిగా ఉన్నవి ఏరి, ఒక్కొక్క దానితో నాడా లాగి మూతి బిగించే సంచులు రెండేసి కుట్టాను. 80 సెంటీమీటర్ల ముక్కను పన్నా మధ్యలో రెండుగా కత్తిరించి, ఒక్కొక్కటి మడిచి రెండు వైపులా కుట్టి, పై అంచు మడిచి నాడా దూర్చితే సంచి అయిపోతుంది. వచ్చిన వాళ్ళకు తాంబూలం ఆ సంచిలోనే పెట్టి ఇచ్చాను. ఈ ఏడాది వాళ్ళలో చాలామంది ఆ సంచుల్లోనే కూరలు తెచ్చుకుంటూ కనిపిస్తున్నారు. పలచటి ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం ఉన్నా బజారులో అవి ఆగలేదు. ఇంట్లో గుడ్డ సంచి సిద్ధంగా ఉంటే వాటి అవసరమే రాదు.

బొంతల విషయంలో మాత్రం నాకు నిజంగా బాధగా ఉంది. నాలుగైదు పాత నూలు చీరలు పొరలుగా పరిచి, చుట్టూ టాకాలు వేసి, ఒక అంచు నుంచి మరో అంచుకు దగ్గర దగ్గర వరుసల్లో కుట్టుకుంటూ పోతే తయారయ్యే బొంత కోస్తాలోనూ తెలంగాణలోనూ ప్రతి ఇంట్లో ఉండేది. వేసవి మధ్యాహ్నాల్లో నలుగురు ఆడవాళ్ళు నాలుగు వైపులా కూర్చుని కుట్టేవారు. మనవడు పుడితే అమ్మమ్మ చీరల బొంత మీదే పడుకునేవాడు, అదే అమ్మమ్మ చీర ఊయలగా కూడా కట్టేవారు. ఈ పని తగ్గడానికి ఓపిక లేకపోవడం ఒక్కటే కారణం కాదు. పాలియెస్టరు చీరలు వచ్చాక పాత చీరకు ఆ రెండో జన్మ లేకుండా పోయింది. అవి చెమట పీల్చవు, పొర మీద పొర జారిపోతుంది, సూది సాఫీగా దిగదు. ఇంట్లో ఒకటి రెండు నూలు చీరలు, మంగళగిరివో వెంకటగిరివో, కట్టే అలవాటు మిగిలితేనే పదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో బొంత పుడుతుంది. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం జరుపుకునేటప్పుడు కొత్త చీర అందం గురించి ఎంతో చెబుతారు. పాతబడ్డ తర్వాత కూడా ఆ గుడ్డ మరెన్నో ఏళ్ళు సేవ చేస్తుందన్న మాటను ఎవరైనా చెబితే బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

ఇంట్లో కుట్టుకుంటే చౌక అని నేను వాదించను. చిన్న పిల్ల గౌనుకు కావలసిన మంచి నూలుగుడ్డ ధరకే బజారులో కుట్టిన గౌను దొరుకుతుంది. సమయం లెక్కవేస్తే మరీ ఖరీదు. దర్జీల పొట్ట కొట్టే మాట కూడా కాదిది. పెళ్ళి రవికకు, సూటుకు పనితనం తెలిసిన దర్జీ కావలసిందే. చిల్లర కుట్టు ఇంట్లో చేసుకున్న మనిషికే దర్జీ చేతిపని విలువ తెలుస్తుంది, కూలి దగ్గర బేరమాడడానికి మనసొప్పదు. నేను చెబుతున్నది ఫలానా మనిషి కోసం కూర్చుని చేసే పని గురించి. గాంధీజీ 1924లో యంత్రాల మీద తన అభిప్రాయం చెబుతూ కుట్టు మిషనును ప్రత్యేకంగా మినహాయించారు. చేతి కుట్టుతో అలసిపోతున్న భార్య మీద ప్రేమతో, ఆ మిషనుకు తన పేరిచ్చిన సింగర్ దాన్ని రూపొందించాడని ఆయన అన్నారు. మిషను మీద కుట్టింది చేతిపని ఎలా అవుతుందని నన్ను అడిగిన వాళ్ళకు నేను ఈ మాటే గుర్తుచేస్తాను.

ఆ మిషన్లు ఇంకా మన ఇళ్ళల్లో ఉన్నాయని 2020లో తెలిసింది. లాక్‌డౌన్ రోజుల్లో మాస్కులు దొరకనప్పుడు అటకల మీది మిషన్లు కిందికి దిగాయి. స్వయం సహాయక సంఘాల మహిళలు పెద్ద ఎత్తున కుట్టారు, మామూలు గృహిణులు కూడా పాత పంచెలను మూడు పొరలుగా మడిచి ఇరుగుపొరుగులకు కుట్టి ఇచ్చారు. అప్పుడు నేను గమనించింది ఒకటుంది. కుట్టిన వాళ్ళంతా నలభై ఐదు దాటిన వాళ్ళే. బాబిన్‌లో దారం ఎలా చుట్టాలో, పలచటి వాయిల్‌కు 11వ నంబరు సూది, మామూలు నూలుకు 14వ నంబరు వాడాలని చెప్పడానికి ఇంట్లో తల్లి ఉన్నా, వినడానికి కూతురికి తీరిక లేదు. ఇక కొడుక్కి చెప్పాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఊళ్ళో దర్జీలలో ఎక్కువమంది మగవాళ్ళే అయినా, ఇంట్లో మాత్రం ఊడిన చొక్కా గుండీ కుట్టుకోవడం మగపిల్లవాడి పని కాదని మనమే నేర్పుతున్నాం.

బడి మీద నా ఆశ అందుకే. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన విద్యావిధానానికి చేతివృత్తే కేంద్రం. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు మన ఉన్నత పాఠశాలల్లో క్రాఫ్ట్ టీచరు ఉండేవారు. నేను పనిచేసిన ఒక పాఠశాలలో ఆ ఉద్యోగిని పదవీ విరమణ చేశాక కొత్తవారు రాలేదు. నాలుగు మిషన్లు సామాన్ల గదిలో విరిగిన బల్లల కింద తుప్పుపట్టిపోయాయి. అడిగిన నాకు, పదో తరగతి ఫలితాలు ముందు చూడమన్న జవాబు వచ్చింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలనీ, ఆ రోజుల్లో స్థానిక వృత్తుల వారి దగ్గర పని నేర్చుకోవాలనీ చెప్పింది. వడ్రంగం, విద్యుత్ పని, లోహపు పని, తోటపని, కుండల తయారీ ఉదాహరణలుగా చూపింది. వాటిలో కుట్టుపని పేరు లేదు. అయితే ఏ పని నేర్పాలో రాష్ట్రాలూ స్థానికులూ నిర్ణయించుకోవచ్చని కూడా అదే పత్రం చెబుతోంది. కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఆ పది రోజుల్లో కొన్నింటిని కుట్టుకు కేటాయించడానికి అడ్డేమీ లేదు.

నేర్పేవారు ఎక్కడి నుంచి వస్తారని అడగవచ్చు. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే టైలరింగ్, ఎంబ్రాయిడరీ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పాసై, సర్టిఫికెట్టు పెట్టెలో పెట్టుకుని కూర్చున్న మహిళలు ప్రతి మండలంలోనూ ఉన్నారు. తెలంగాణలో 2024లో బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పనిని మహిళా సంఘాలకు అప్పగించారు. ఏ పిల్లల చొక్కా కుడుతున్నారో ఆ పిల్లల ఎదుటే కూర్చుని వాళ్ళు కుట్టి చూపిస్తే అంతకన్నా మంచి పాఠం ఉండదు. మిషన్లు కొననక్కరలేదు. మొదట దారం ఎక్కించి ముడి వేయడం, గుండీ కుట్టడం, ఊడిన అంచుకు హెమ్మింగ్ చేయడం, చిరుగు కలిపి కుట్టడం, ఆఖరున ఒక చిన్న సంచి. ఆ సంచి మాత్రం మార్కుల కోసం బడిలో ఉంచుకోకుండా, ఇంట్లోనో స్నేహితుల్లోనో ఎవరికి ఇస్తావో ముందే చెప్పి కుట్టమనాలి. మా మనవడు ఏడో తరగతిలో ఉండగా ఊరు మారిపోతున్న తన స్నేహితుడికి పెన్సిళ్ళ సంచి కుట్టి ఇచ్చాడు. రెండు సార్లు విప్పి మళ్ళీ కుట్టాడు, వేలికి సూది గుచ్చుకుంటే వేలికి తొడిగే అంగుస్తాను ఎందుకో అడిగి తెలుసుకున్నాడు. కొని ఇచ్చే వస్తువు విషయంలో ఆ పిల్లవాడు అంతసేపు తన స్నేహితుడి గురించి ఆలోచించేవాడు కాదు.

చివరిగా మీకు ఒక విన్నపం. ఒకప్పుడు పత్రికల మహిళా శీర్షికల్లో కుట్టు నమూనాలు కొలతలతో సహా వచ్చేవి, మా అమ్మ వాటిని కత్తిరించి పాత లెక్కల పుస్తకంలో అంటించి దాచుకునేది. మీ ఆదివారం అనుబంధంలో నెలకొక్కటైనా అటువంటి నమూనా వేయండి. మొదటిదిగా పైన చెప్పిన పసిపాప జుబ్బా వేస్తానంటే బొమ్మ గీసి నేనే పంపుతాను. పొడవు 12 అంగుళాలు, ఛాతీ చుట్టు వదులుతో కలిపి 20 అంగుళాలు, నాడాలు రెండు జతలు. పాత పంచె, కత్తెర, సూది ఉన్న ఇంట్లో అది ఒక పూటలో పూర్తవుతుంది.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తెనాలి